లైన్ ప్లాట్ నేర్పడానికి బొట్టుబిళ్లలు

లైన్ ప్లాట్ అంటే సంఖ్యారేఖ మీద, ఒక్కో కొలతకు ఒక్కో గుణకారం గుర్తు (×) చొప్పున పైకి పేర్చి చూపే పటం. నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు దీన్ని నేర్పేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. ఆ గుర్తులను ఒకరు పెద్దగా, ఒకరు చిన్నగా వేస్తారు. అప్పుడు మూడు గుర్తులున్న వరుస ఐదున్న వరుస కన్నా ఎత్తుగా కనిపిస్తుంది.

గుర్తులకు బదులు ఒకే సైజు బొట్టుబిళ్లలు అంటించి చూడండి. ముందుగా చార్టు మీద 2 సెం.మీ. గళ్లు గీయాలి. అడుగున సంఖ్యారేఖ గీసి, ఒక్కో గడి కింద 1, 1½, 2 అంటూ 5 వరకు రాయాలి. మొత్తం 9 సంఖ్యలు. విశాఖ ఆర్కే బీచ్‌లో ఏరిన ఖాళీ గవ్వలను తలా ఒకటి ఇచ్చి, దగ్గరి అర సెంటీమీటరుకు కొలిపించండి. ఎవరి గవ్వ కొలత ఎంతో ఆ సంఖ్యపైన, గడికి ఒకటి చొప్పున వాళ్లే బిళ్ల అంటించాలి. వరుస ఎత్తుగా ఉంటే గవ్వ పొడవైనదని చాలామంది పొరబడతారు. 'నీ బిళ్ల ఏది, నీ గవ్వ ఎంత?' అని అడగండి. వరుస ఎత్తూ గవ్వ పొడవూ వేరని వాళ్లకే తెలుస్తుంది. ఆ క్షణం పిల్లల ముఖాలు చూడాలి! ఆ తర్వాత అన్నిటికన్నా పొడవైన గవ్వకూ పొట్టి గవ్వకూ తేడా అడిగితే భిన్నాల తీసివేత కూడా అయిపోతుంది.

ఒక్క జాగ్రత్త: ఎవరికీ రాని కొలతనైనా రేఖ మీద రాయకుండా వదిలేయకూడదు, దాని పైన గడి మాత్రం ఖాళీగా ఉండాలి. పిల్లల బరువుల వంటి బాగా చెదిరిన అంకెలకు ఈ పద్ధతి కుదరదు. రేఖ సాగిపోయి, సంఖ్యకు ఒక బిళ్లే మిగులుతుంది.