పడవకు రంగు: చవగ్గా, ఎక్కువ కాలం నిలిచేలా

రంగుల కోసం సికింద్రాబాద్ రాణిగంజ్‌కు బయల్దేరే ముందే ఒక్క సంగతి తేల్చుకోండి: మీ పడవ రాత్రిళ్లు నీళ్లలోనే ఉంటుందా, గట్టెక్కుతుందా? ఏ డబ్బా కొనాలన్నది దాన్నిబట్టే.

రోజూ గట్టెక్కే ఫైబర్ పడవకు టూ-ప్యాక్ (గట్టిపరిచే హార్డ్‌నర్ వేరే డబ్బాలో వచ్చే, కలిపి వేసే రకం) ఎపాక్సీ ప్రైమర్, దాని మీద టూ-ప్యాక్ పీయూ (పాలీయూరెథేన్) రంగు చాలు. నెలల తరబడి నీళ్లలో ఉండేదైతే నీటి గీత కింద పీయూ వద్దు, నానీ నానీ బొబ్బలెక్కుతుంది. అక్కడ ఎపాక్సీయే మూడు కోట్లు వేయండి. ఎండకు అది సున్నంలా పొడి రాలుస్తుంది గానీ నీటి కింద ఆ బెడద తక్కువ. కిటికీ గ్రిళ్లకు వేసే సింథటిక్ ఎనామిల్ చవకే, చెక్క పడవ పైభాగానికి ఏడాదికోసారి వేసుకునే ఓపిక ఉంటే తప్పులేదు.

యాంటీఫౌలింగ్ రంగు మీద డబ్బు పోయకండి. అది సముద్రపు గుల్లలు పడవ అడుగుకు పట్టకుండా వేసేది. హుస్సేన్ సాగర్‌లో పట్టేది పాచి, బ్రష్షుతో రుద్దితే పోతుంది. పైగా రాగి కలిసిన రకాలు అల్యూమినియం పడవను తినేస్తాయి.

14 అడుగుల చిన్న పడవ బయటి వైపు దాదాపు 8 చదరపు మీటర్లు. లీటరు ఒక కోటుకు 10 చదరపు మీటర్ల దాకా వస్తుంది. రెండేసి కోట్లకు ప్రైమర్ 2 లీటర్లు, రంగు 2 లీటర్లు.

ఫైబర్ మీద అచ్చు నుంచి అంటిన మైనం ఉంటుంది, ముందు దాన్ని థిన్నర్ గుడ్డతో తుడవాలి, ఆ తర్వాతే రేగ్‌మాల్ (గరుకు కాగితం). తిరగేసి చేస్తే మైనం గీతల్లోకి దిగిపోయి రంగు పెచ్చులూడుతుంది. తుడిచాక నీళ్లు చల్లండి. తామరాకు మీదలా ముత్యాలు కడితే మైనం పోలేదన్నట్టే, మళ్లీ తుడవండి. నీళ్లు పలచగా పరుచుకుంటే ఆరనిచ్చి 120 నంబరు రేగ్‌మాల్‌తో రుద్దండి, తర్వాత 220తో.

హార్డ్‌నర్ డబ్బా మీద రాసిన పాళ్లలోనే, కొలిచి కలపండి. ఎక్కువ పోస్తే త్వరగా ఆరదు, చెడుతుంది. పీయూలో ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్ రంగులకు వాడే) థిన్నర్ అసలు వద్దు. అందులోని ఆల్కహాల్ హార్డ్‌నర్‌ను మింగేసి రంగు మెత్తగానే ఉండిపోతుంది. మే ఎండల్లో పావు లీటరుకు మించి కలపకండి, గిన్నెలోనే గట్టిపడుతుంది. వానాకాలంలో ఎపాక్సీ మీద జిడ్డు పొర తేలితే సబ్బునీళ్లతో కడిగి, ఆరాక రుద్ది, అప్పుడు పైకోటు. స్ప్రే గన్ వద్దు, ఆ తుంపర ఊపిరితిత్తులకు చేటు. రోలర్‌తో వేసి బ్రష్షు కొసతో సవరిస్తే నునుపొస్తుంది.

కనీసం వారం ఆగండి. గోరు నొక్కితే ముద్ర పడుతోందంటే ఇంకా నీళ్లలోకి దింపకండి.