ఎండలు ముదరకముందే పాత బండి కూలెంట్ లీక్ పట్టుకోండి

ఉగాది దాటితే మన దగ్గర ఎండ ఎట్లుంటుందో నేను కొత్తగా చెప్పక్కర్లేదు. మే నెలలో నల్లగొండ, మిర్యాలగూడ వైపు 44, 45 డిగ్రీలు మామూలే. పెళ్లిళ్లు, మొక్కులు, ఊరి బోనాలు అన్నీ ఆ ఎండలోనే పడతాయి, బండి నిండా మనుషుల్ని ఎక్కించుకుని ఏసీ వేసి లాగాల్సిందీ అప్పుడే. అందుకే ఇంట్లో పది, పదిహేనేళ్లు దాటిన బొలెరోనో సుమోనో ఇండికానో ఉన్నవాళ్లు మార్చిలోనే ఒక ఆదివారం పొద్దున, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ ఎక్కడ లీకవుతోందో చూసే పనికి పెట్టుకోండి.

నేనెందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మా పాత సుమో రోజూ అర లీటరు నీళ్లు తాగేది, పాత బండి కదా అంతేలే అనుకుని రోజూ పొద్దున్నే ఒక బాటిల్ పోసి తీసుకుపోయేవాడిని. శ్రీశైలం నుంచి ఇంటిల్లిపాదీ తిరిగొస్తుంటే డ్యామ్ దాటి ఈగలపెంట వైపు ఎక్కుతున్నప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి పోయింది, కాసేపటికి దానంతటదే కిందికి దిగింది. హమ్మయ్య, చల్లబడిందనుకున్నా. అసలు సంగతేమిటంటే కూలెంట్ మొత్తం అయిపోయి సెన్సర్‌కు నీళ్లు తగలడం లేదు, అందుకే ముల్లు దిగింది. కొద్ది దూరం పోగానే పికప్ పోయి బండి ఆగింది. చుట్టూ అడవి, సిగ్నల్ లేదు, వెనక సీట్లో అమ్మ. ఇంటికొచ్చాక ఇంజిన్ పైభాగం, అంటే హెడ్ లేపి, దాని కింది గ్యాస్కెట్ మార్చి, హెడ్ చదును కావడానికి లేత్‌లో ఫేసింగ్ కొట్టించేదాకా పోయింది ఖర్చు. ఇంతా చేస్తే మొదట పాడైంది వాటర్ బాడీ, అంటే కూలెంట్‌ను తిప్పే పంపు లోపలి ఒక చిన్న సీల్.

ఇంజిన్‌కు దాహం ఉండదు. కూలెంట్ తిరిగే దారి మొత్తం మూసి ఉంటుంది, రోజూ పోయాల్సి వస్తుందంటే ఎక్కడో బయటికి పోతున్నట్టే. ఎటు పోతుందో తెలుసుకోకుండా మళ్లీ మళ్లీ నింపడం ఆపండి.

చూడాల్సింది చల్లటి బండిని. రాత్రంతా నిలబెట్టి, ఇంజిన్ కింద ఒక అట్టముక్క పరచండి. పొద్దున్నే తడి ఉంటే వేలితో తాకి చూడండి. ఏసీ నీళ్లయితే రంగు, వాసన ఉండవు, వేలికి జిగురు తగలదు. కూలెంట్ వేళ్ల మధ్య జారుతుంది, కొంచెం తియ్యటి వాసన వస్తుంది, పచ్చగానో గులాబీగానో ఉంటుంది. రుచి మాత్రం చూడొద్దు, అది విషం. అట్ట పొడిగా ఉందని లీక్ లేదనుకోవద్దు, చాలా లీకులు బండి వేడెక్కి లోపల ప్రెషర్ పెరిగినప్పుడే బయటపడతాయి, కారిన చుక్క ఇంజిన్ వేడికి అక్కడే ఆవిరైపోతుంది, మిగిలేది తెల్లటి లేదా పచ్చటి పొడిలాంటి మరక. టార్చ్ పట్టుకుని ఆ మరక కోసం వెతకండి.

మొదట కూలెంట్ పోయే రబ్బరు హోస్ పైపులు. క్లిప్పుల దగ్గర నొక్కి చూస్తే మెత్తగా ఉబ్బినట్టున్నా, ఎండిన తోలులా పగుళ్లున్నా మార్చేయండి, వందల్లో పోయే పనిని వేలల్లోకి తెచ్చుకోవద్దు. తర్వాత వాటర్ బాడీ. దాని కింది వైపు ఒక చిన్న రంధ్రం ఉంటుంది, లోపలి సీల్ పోతే నీళ్లు బయటికి రావడానికే అది పెట్టారు. అక్కడ కారిన చార కనిపిస్తే సీల్ అయిపోయిందని అర్థం. ఎవరైనా ఆ రంధ్రాన్ని ఎంసీల్‌తో మూసేద్దామంటే ఒప్పుకోవద్దు, ఆ నీళ్లు బేరింగ్‌లోకి పోయి అది కూడా పట్టేస్తుంది. కూలెంట్‌ను చల్లబరిచే రేడియేటర్‌లో పై ట్యాంకు, కింది ట్యాంకు అతికిన అంచులు చూడండి. పాత రాగి, ఇత్తడి రేడియేటర్‌కైతే అతుకు పెట్టేవాళ్లు ఇప్పటికీ జిల్లా కేంద్రాల్లో దొరుకుతారు, ప్లాస్టిక్ ట్యాంకు పగిలితే మాత్రం మార్చడమే మేలు.

రేడియేటర్ మూతను ఎవరూ పట్టించుకోరు, నాకైతే అదే పెద్ద బాధ. మామూలుగా నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి, రేడియేటర్ మూత దాదాపు ఒక బార్ ప్రెషర్ పట్టి ఉంచితే అవే నీళ్లు 120 దగ్గరికి వచ్చేదాకా మరగవు, సగం కూలెంట్ కలిపితే ఇంకొంచెం ఎక్కువ. మూత రబ్బరు గట్టిపడి ప్రెషర్ నిలవకపోతే ఎక్కడా లీక్ లేకపోయినా ఘాట్‌లో పొంగిపోతుంది. మూత మీద రాసిన అంకె చూసి అదే రేటింగ్‌ది కొనండి.

ఇవన్నీ బాగానే ఉండి ఇంకా తగ్గుతోందంటే లీక్ లోపల ఉన్నట్టు. హీటర్ ఉన్న బండిలో డ్యాష్‌బోర్డ్ కింద మ్యాట్ తడిగా ఉండి అద్దం మీద జిడ్డు ఆవిరి పడుతుంటే హీటర్ కాయిల్ పోయింది. ఆయిల్ మూత కింద పాలు కలిపిన టీ రంగులో నురగ ఉన్నా, వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకపోయినా, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే రేడియేటర్ పై హోస్ రాయిలా గట్టిపడినా హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం పెట్టుకోండి, ఆ బండితో దూరం పోవద్దు. మెకానిక్ దగ్గర ప్రెషర్ టెస్టర్ ఉంటే అన్నిటికన్నా మంచిది. మూత స్థానంలో దాన్ని బిగించి, మూత రేటింగ్ వరకు మాత్రమే గాలి కొట్టి పది, పదిహేను నిమిషాలు వదిలేస్తే ముల్లు పడిపోతుందో లేదో తెలుస్తుంది, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చుక్క కూడా కనిపిస్తుంది.

పసుపు వేయడం గురించి అడుగుతారు. లారీ డ్రైవర్లు ఎన్నో ఏళ్లుగా చేస్తున్నదే, సూదిబెజ్జమంత రంధ్రాన్ని కొంతసేపు ఆపుతుంది, నడిరోడ్డు మీద ఇల్లు చేరడానికి తప్పు కాదు. కానీ అదే పసుపు రేడియేటర్ సన్న గొట్టాల్లో కూడా పేరుకుంటుంది. ఇంటికి రాగానే మొత్తం కడిగించి అసలు లీక్ బాగు చేయించండి. షాపుల్లో అమ్మే లీక్ పౌడర్లకూ ఇదే మాట.

మన జిల్లాల్లో ఇంకో తిప్పలు బోరు నీళ్లు. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది, బండికి చెడు చేసేది ఆ నీళ్లలోని లవణాలు. బిందె అడుగున పేరుకునే తెల్లటి పొరే ఇంజిన్ లోపలా పేరుకుంటుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కొని కూలెంట్‌తో సగం సగం కలపండి, లేదా కలిపి అమ్మేదే తెచ్చుకోండి. రంగు ఒకటే కదా అని రెండు రకాలు కలపొద్దు, రంగుకు కంపెనీల మధ్య ఒక పద్ధతంటూ లేదు. పోసేటప్పుడు హీటర్ వేడి వైపు తిప్పి, మూత తీసి ఇంజిన్ నడపండి, బుడగలు ఆగి పై హోస్ వేడెక్కేదాకా కొంచెం కొంచెంగా నింపండి. లోపల గాలి నిలిచిపోతే కొత్త కూలెంట్ పోసినా వేడెక్కుతుంది.

యాసంగి వరి కోతల్లో హార్వెస్టర్ల పక్క నుంచి తిరిగిన బండికి రేడియేటర్ జల్లెడ నిండా పొట్టు ఉంటుంది, మెల్లటి ధారతో ఇంజిన్ వైపు నుంచి బయటికి కడగండి.

దారిలో ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టి, పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. మూత ముట్టుకోవద్దు. కనీసం ముప్పావుగంట ఆగి, పై హోస్ నొక్కితే మెత్తగా ఉంటేనే మందపాటి గుడ్డ వేసి మొదటి మెట్టు వరకే తిప్పండి. తిప్పేటప్పుడు మొహం దూరంగా పెట్టండి, ఆ ఆవిరికి చెయ్యి, మొహం కాలినవాళ్లు ఉన్నారు. కాగిపోతున్న ఇంజిన్‌లో చల్లనీళ్లు పోస్తే హెడ్ పగలొచ్చు. కరెంటు ఫ్యాన్ తాళం తీసినా తిరగొచ్చు, వేళ్లు పెట్టొద్దు. శ్రీశైలం వెళ్లేవాళ్లు ఇంకో మాట, అడవి దారిలో అటవీశాఖ వాళ్ల మన్ననూరు గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూస్తారు, కాబట్టి అడవిలో ఆగినా చల్లబరచుకునే టైమ్ ఉండేలా మధ్యాహ్నమే బయల్దేరండి, డిక్కీలో ఐదు లీటర్ల నీళ్లు, రెండు క్లిప్పులు, స్క్రూడ్రైవర్, ఒక టార్చ్ పెట్టుకోండి.

తీసేసిన పాత కూలెంట్‌ను మాత్రం వాకిట్లో పారబోయకండి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, కొంచెమే చాలు కిడ్నీలు పోయి చస్తాయి. డబ్బాలో పోసి మూత గట్టిగా బిగించి, పిల్లలకు అందకుండా పెట్టి, పాత ఆయిల్ తీసుకునే గ్యారేజీని అడిగి అక్కడ ఇచ్చేయండి.