యూనివర్సిటీ మెయిల్ సొంతంగా నేర్చుకుందాం – 2వ భాగం: ల్యాప్‌టాప్‌లో థండర్‌బర్డ్, ఫోన్‌లో ఔట్‌లుక్

మొదటి భాగంలో యూనివర్సిటీ అకౌంట్ యాక్టివేట్ చేసుకుని, పాస్‌వర్డ్ మార్చుకుని, లాగిన్ అవుతున్నది మనమేనని ఫోన్‌లో నిర్ధారించే మైక్రోసాఫ్ట్ ఆథెంటికేటర్ యాప్ పెట్టుకున్నాం. అది పూర్తి కాకపోతే ఇక్కడ ఆగండి. ఈ పాఠంలో ప్రతి అడుగూ ఆ యాప్ మీదే ఆధారపడి ఉంది.

మన ఉదాహరణ అమెరికాలో ఎంఎస్‌కి సీటు వచ్చిన విద్యార్థిది. యూనివర్సిటీ మెయిల్ మైక్రోసాఫ్ట్ 365 మీద నడుస్తోందనుకుందాం. గూగుల్ మీద నడిచే చోట్ల సర్వర్ పేర్లు వేరుగా ఉంటాయి, కానీ పద్ధతి ఇదే.

బ్రౌజర్‌లో మెయిల్ చూసుకుంటే సరిపోతుంది కదా అనిపించవచ్చు. సీటు వచ్చిన రోజు నుంచి ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం)లో సవరణలు, ఫీజు గడువులు, అసిస్టెంట్‌షిప్ కబుర్లు ఎక్కువగా ఈ అడ్రస్‌కే వస్తాయి. బ్రౌజర్ తెరిచినప్పుడే కనిపించే మెయిల్‌కి, ఫోన్ మోగించి చెప్పే మెయిల్‌కి మధ్య తేడా ఒక్కోసారి గడువు దాటిపోయేంత ఉంటుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. మీ యూనివర్సిటీ పాస్‌వర్డ్‌ని యూనివర్సిటీ లాగిన్ పేజీలో తప్ప ఇంకెక్కడా టైప్ చేయకూడదు. మెయిల్ యాప్ తన సొంత గడిలో పాస్‌వర్డ్ అడుగుతుంటే సెటప్ తప్పుదారి పట్టిందని అర్థం.

పాత రోజుల్లో అలా ఉండేది కాదు. యాప్‌కి పాస్‌వర్డ్ ఇచ్చేస్తే అది దాచుకుని, మెయిల్ చూసిన ప్రతిసారీ సర్వర్‌కి పంపేది. ఆ దారిలో రెండో అంచె తనిఖీకి, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఫోన్‌లో అడిగే నిర్ధారణకి, చోటే లేదు. పాస్‌వర్డ్ ఊహించగలిగితే చాలు, దొంగకి తలుపు తెరుచుకునేది. అందుకే 2022 అక్టోబర్ 1 నుంచి సంస్థల మెయిల్‌లో మైక్రోసాఫ్ట్ ఆ పద్ధతిని మూసేయడం మొదలుపెట్టింది. ఇప్పుడు దాని స్థానంలో ఉన్నది ఓఆథ్2. అపార్ట్‌మెంట్‌లో పనిమనిషికి గేట్ పాస్ రాయించినట్టే ఇది కూడా: ఇంటి తాళం చెవి ఆమెకి ఇవ్వం, పాస్ రద్దు చేస్తే లోపలికి రాలేదు. మీరు యూనివర్సిటీ పేజీలో లాగిన్ అవుతారు, సర్వర్ యాప్‌కి ఒక టోకెన్ ఇస్తుంది, యాప్ ఆ టోకెన్‌తోనే మెయిల్ తెచ్చుకుంటుంది. పాస్‌వర్డ్ దానికి తెలియనే తెలియదు. యూట్యూబ్‌లో పాత వీడియోలు చూసి సెట్ చేసేవాళ్లకి పాస్‌వర్డ్ కరెక్టే అయినా 'తప్పు' అని రావడానికి అసలు కారణం ఇదే.

ఇక ల్యాప్‌టాప్. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. అధికారిక సైట్ నుంచే డౌన్‌లోడ్ చేయండి. తెరవగానే మీ పేరు, మెయిల్ అడ్రస్ అడుగుతుంది. పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు రాయండి, ప్రొఫెసర్‌కి మీ మెయిల్ ఆ పేరుతోనే వెళ్తుంది. పాస్‌వర్డ్ గడి కూడా కనిపిస్తే ఖాళీగా వదిలి కంటిన్యూ నొక్కండి. సర్వర్ వివరాలు చాలాసార్లు అదే కనిపెడుతుంది. ఐమ్యాప్, పాప్3 అని రెండూ చూపిస్తే ఐమ్యాప్ ఎంచుకోండి. ఐమ్యాప్‌లో మెయిల్ సర్వర్ మీదే ఉంటుంది కాబట్టి ల్యాప్‌టాప్‌లో చదివింది ఫోన్‌లోనూ చదివినట్టే కనిపిస్తుంది. ఒకచోట డిలీట్ చేస్తే అన్నిచోట్లా పోతుంది, అది కూడా గుర్తుంచుకోండి. పాప్3 మెయిల్‌ని ఒక మెషీన్‌లోకి దించుకుంటుంది, సెట్టింగ్‌ని బట్టి సర్వర్ నుంచి తీసేస్తుంది కూడా. ఫోన్, ల్యాప్‌టాప్ రెండూ వాడే విద్యార్థికి అది పనికిరాదు.

థండర్‌బర్డ్ సొంతంగా కనిపెట్టలేకపోతే చేత్తో నింపాలి. మెయిల్ వచ్చే సర్వర్: ఔట్‌లుక్ డాట్ ఆఫీస్365 డాట్ కామ్, పోర్ట్ 993, భద్రత ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్. మెయిల్ వెళ్లే సర్వర్: ఎస్ఎంటీపీ డాట్ ఆఫీస్365 డాట్ కామ్, పోర్ట్ 587, భద్రత స్టార్ట్‌టీఎల్ఎస్. రెండింటికీ ఆథెంటికేషన్ దగ్గర ఓఆథ్2 ఉండాలి. వచ్చే దానికి మార్చి, వెళ్లే దానికి మార్చడం మర్చిపోతే మెయిల్స్ వస్తాయి, పంపినవి మాత్రం కదలవు.

యూజర్ నేమ్ దగ్గర చాలామంది చిక్కుకుంటారు. కొన్ని యూనివర్సిటీల్లో మీ మెయిల్ అడ్రస్ పేరు, ఇంటిపేరుతో అందంగా ఉంటుంది. లాగిన్ మాత్రం అక్షరాలు, అంకెలు కలిసిన ఐడీతో ఉంటుంది. యూజర్ నేమ్ గడిలో రెండోదే రాయాలి, 'ఎట్' గుర్తు తర్వాతి భాగంతో సహా. ఏది ఏదో మొదటిరోజు వచ్చిన స్వాగతం మెయిల్‌లో రాసి ఉంటుంది.

తర్వాత యూనివర్సిటీ లోగోతో లాగిన్ విండో తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ కొట్టాల్సింది అక్కడ. స్క్రీన్ మీద ఒక నంబర్ వస్తుంది, దాన్ని ఫోన్‌లోని ఆథెంటికేటర్‌లో టైప్ చేయండి. మీరు లాగిన్ కాకుండానే ఆథెంటికేటర్ నంబర్ అడిగితే, ఎవరో మీ పాస్‌వర్డ్‌తో ప్రయత్నిస్తున్నారన్నమాట. తిరస్కరించి వెంటనే పాస్‌వర్డ్ మార్చండి. లాగిన్ విండో ఖాళీగా ఉండిపోతే థండర్‌బర్డ్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో కుకీలు ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. అవి లేకుండా ఓఆథ్2 నడవదు.

కొందరికి ఇక్కడ 'అడ్మిన్ అనుమతి కావాలి' అని వస్తుంది. టెన్షన్ పడొద్దు, మీరు చేసిన తప్పేమీ లేదు. బయటి యాప్‌లని యూనివర్సిటీ ఆపి ఉంచింది. ఐటీ హెల్ప్‌డెస్క్‌కి ఒక మెయిల్ రాయండి. వాళ్లు కుదరదంటే ల్యాప్‌టాప్‌లో ఔట్‌లుక్ వాడుకోండి. దొడ్డిదారులు వెతకొద్దు.

ఫోన్‌లో పని తేలిక. ఆండ్రాయిడ్ అయినా ఐఫోన్ అయినా నేను ఔట్‌లుక్ యాప్‌నే సూచిస్తాను. యాడ్ అకౌంట్ నొక్కి అడ్రస్ ఇస్తే అదే లాగిన్ పేజీ వస్తుంది. ఐమ్యాప్‌తో రాని క్యాలెండర్, కాంటాక్ట్స్ కూడా ఇందులో వస్తాయి. ఐఫోన్‌లో ఉన్న మెయిల్ యాప్‌నే వాడతామంటే అకౌంట్ రకంగా మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ (సంస్థల కోసం మైక్రోసాఫ్ట్ నడిపే మెయిల్ వ్యవస్థ) ఎంచుకుని, 'సైన్ ఇన్', 'కాన్ఫిగర్ మాన్యువల్లీ' అని రెండు వచ్చినప్పుడు మొదటిదే నొక్కండి.

ఆండ్రాయిడ్‌లో వేరే మెయిల్ యాప్‌లో ఎక్స్ఛేంజ్ అకౌంట్ కలిపితే ఒక హెచ్చరిక రావచ్చు. ఫోన్‌లోని డేటా మొత్తం దూరం నుంచి చెరిపేసే అధికారం యూనివర్సిటీకి ఇవ్వమని అడుగుతుంది. ఫోన్ పోయినప్పుడు మెయిల్ దొంగల చేతికి వెళ్లకూడదన్నది ఉద్దేశం. కానీ అదే ఫోన్‌లో అమ్మానాన్నల ఫొటోలు, బ్యాంక్ యాప్‌లు ఉన్నాయి. చదవకుండా ఓకే నొక్కొద్దు. ఇష్టం లేకపోతే రద్దు చేసి ఔట్‌లుక్ యాప్‌కి రండి.

ఔట్‌లుక్ ఇన్‌బాక్స్‌ని 'ఫోకస్డ్', 'అదర్' అని రెండుగా చీలుస్తుంది. ఇంటర్నేషనల్ ఆఫీస్ అందరికీ కలిపి పంపే మెయిల్ అదర్‌లోకి వెళ్లి నోటిఫికేషన్ రాకుండా పడి ఉండవచ్చు. సెట్టింగ్స్‌లో ఫోకస్డ్ ఇన్‌బాక్స్ ఆపేయండి.

అన్నీ జీమెయిల్‌కి ఫార్వర్డ్ పెట్టేద్దామనే ఆలోచన చాలామందికి వస్తుంది. సంస్థ బయటికి ఆటోమేటిక్‌గా ఫార్వర్డ్ కావడాన్ని మైక్రోసాఫ్ట్ 365 మామూలుగానే ఆపేస్తుంది. ఒకవేళ వెళ్లినా, మీ జవాబు జీమెయిల్ నుంచి వస్తే అది మీరేనని ఆఫీసు వాళ్లు నమ్మాల్సిన పని లేదు.

విమానం ఎక్కే ముందు చేయాల్సింది ఇంకొకటి ఉంది. రెండో అంచె తనిఖీ మీ ఇండియా నంబర్‌కి వచ్చే ఎస్ఎంఎస్ ఒక్కదాని మీదే ఉంటే, అక్కడ సిమ్ మార్చిన రోజే బయట నిలబడతారు. ఆథెంటికేటర్‌ని ప్రధాన పద్ధతిగా పెట్టుకోండి. అది వైఫై ఉంటే చాలు. అక్కడ కొత్త ఫోన్ కొంటే, పాత ఫోన్ దగ్గరుండగానే కొత్త దానిలో ఆథెంటికేటర్ రిజిస్టర్ చేయండి. బ్యాకప్ నుంచి యాప్ తెచ్చుకున్నా యూనివర్సిటీ అకౌంట్‌కి మళ్లీ లాగిన్ కావాల్సిందే. అది పూర్తయ్యాకే పాత ఫోన్ తమ్ముడికి ఇవ్వండి.

ఈ వారం అభ్యాసం: మీ జీమెయిల్ నుంచి యూనివర్సిటీ అడ్రస్‌కి ఒక మెయిల్ పంపండి. ఫోన్‌లో తెరిచి చదవండి, థండర్‌బర్డ్‌లో అది చదివినట్టు కనిపించాలి. థండర్‌బర్డ్ నుంచి జవాబు రాసి, బ్రౌజర్‌లో సెంట్ ఫోల్డర్ చూడండి. జవాబు అక్కడ లేకపోతే థండర్‌బర్డ్ అకౌంట్ సెట్టింగ్స్‌లో 'కాపీస్ అండ్ ఫోల్డర్స్' తెరిచి, పంపినవి యూనివర్సిటీ అకౌంట్‌లోని సెంట్ ఫోల్డర్‌లోకే వెళ్లేలా మార్చండి. జవాబు అసలు వెళ్లకపోతే ముందు వెళ్లే సర్వర్ దగ్గర ఓఆథ్2 ఉందేమో చూడండి. ఉండి కూడా వెళ్లకపోతే యూనివర్సిటీ ఆ దారి మూసి ఉండవచ్చు, హెల్ప్‌డెస్క్‌ని అడగండి.

మూడో భాగంలో క్యాలెండర్, సంతకం, మెయిల్స్‌ని ఫోల్డర్లలోకి సర్దే రూల్స్.