పాడి ఉన్న ఇల్లు రెండు రోజులు విడిచి వెళ్లాలంటే

ఉద్యోగస్తులకు రెండు రోజుల ప్రయాణమంటే గ్యాస్ కట్టేసి తాళం వేయడం. రెండు గేదెలు, అరడజను కోళ్లు, కోతకొచ్చిన చేను ఉన్న మాలాంటి వాళ్లకు అది చిన్న పెళ్లంత పని. పైగా చుట్టాలంతా కలుద్దామనుకునేది కార్తీక వనభోజనాలప్పుడే. కృష్ణా డెల్టాలో సార్వా వరి కోతలు పడేదీ, బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టేదీ అప్పుడే. అయినా వెళ్లాలి. ముగ్గురు మేనత్తలూ ఒకే చెట్టు కింద ఎన్నిసార్లు దొరుకుతారు?

ముందు అందరికీ దొంగల భయమే గుర్తొస్తుంది. నేనైతే దొంగ కంటే చెప్పకుండా వదిలేసిన మాటకే ఎక్కువ భయపడతాను. మొదటిసారి వెళ్లినప్పుడు గేదెల్ని పక్కింటి పిన్నికి అప్పగించాం. చాలా మంచి మనిషి. ఆ రోజు వాళ్లింట్లో వ్రతం. మిగిలిన అన్నం పారేయడమెందుకని ప్రేమగా తొట్టినిండా పెట్టింది. తెల్లారేసరికి గేదె నెమరు మానేసింది, పొట్ట బిగుసుకుపోయింది, పల్చగా పారుకుంది. 1962కి ఫోన్ చేస్తే పశువైద్య వాహనం వచ్చి, సెలైన్ ఎక్కించాక ప్రాణం నిలబడింది. పాలు మళ్లీ దారికి రావడానికి రెండు వారాలు పట్టింది. వండిన అన్నం ఒకేసారి ఎక్కువ తింటే పొట్టలో పులిసి ఆమ్లంగా మారుతుందని నాకు తెలుసు. ఆవిడకు చెప్పలేదు, తప్పు నాది.

అందుకే అప్పగింతలు బయల్దేరే రోజు కాదు, వారం ముందే మొదలుపెట్టండి. గేదె చెయ్యి మారితే చేపదు, అంటే పాలు దింపదు. చూసుకోబోయే మనిషి మొదటి రెండు మూడు రోజులు ఊరికే పక్కన కూర్చోవాలి, కుడితి పెట్టాలి, ఒంటి మీద చెయ్యి వేయాలి. తర్వాత మీరు పక్కన నిలబడి ఉండగా తనే పితకాలి. వేళ మారకూడదు. దూడను వదిలే పద్ధతి, కట్టేసే గుంజ కూడా మారకూడదు. మా అత్తగారి పాత చీర కట్టుకుని పాలు పితికిన ఆవిడను నేను చూశాను. నవ్వకండి, గేదె చేపింది. అప్పటికీ చేపకపోతే దూడను తాగనివ్వమని చెప్పండి. పొదుగులో పాలు నిలవుంటే పొదుగువాపు వస్తుంది. చేపడానికి ఇంజక్షన్ వేద్దామని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం అస్సలు ఒప్పుకోవద్దని గట్టిగా చెప్పి వెళ్లండి.

దాణా విషయంలో 'మామూలుగా పెట్టు' అని చెప్తే ఎవరి మామూలు వాళ్లకుంటుంది. రెండు లీటర్ల పాలకు కిలో దాణా చొప్పున లెక్క కట్టి, పూటకు ఒక సంచి వేరుచేసి మూతి కట్టేయండి. రెండు రోజులకు నాలుగు సంచులు. ఎండుగడ్డి వాము నుంచి ముందే దింపి కొట్టం దగ్గర పెట్టండి. చీకట్లో వాములో చెయ్యి పెట్టే అవసరం ఆ మనిషికి రాకూడదు, ఈ రోజుల్లో పాములుంటాయి. టార్చి లైటు ఒకటి కొట్టం గుంజకే కట్టేయండి. పాము కరిస్తే మంత్రమూ పసరూ అని తిరగకుండా 108కి చేయాలని పిల్లలకు కూడా తెలియాలి.

పచ్చిగడ్డి దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. మీరు పోయిన వారం ఏ చేలో మందు కొట్టారో మీకు తెలుసు, సాయం చేసేవాళ్లకు తెలియదు. ఆ గట్టు గడ్డి కోసుకొచ్చి వేస్తే పశువు పోతుంది. ఎక్కడ కోయాలో చూపించండి, ఎక్కడ కోయకూడదో కూడా తీసుకెళ్లి చూపించండి. జొన్న వేసినవాళ్లైతే లేత పిలకలు, నీళ్లందక వాడిన మొక్కల జోలికి వెళ్లొద్దని చెప్పాలి. వాటిలో ఉండే విషాన్నే నాము అంటారు, అది తిన్న గొడ్డు గంటల్లో పడిపోతుంది. విప్పిన యూరియా బస్తా, యూరియా కలిపిన బకెట్ గొడ్లకు అందని గదిలో పెట్టి తాళం వేయండి.

చూడి గేదె ఉంటే లెక్క చూసుకోండి. ఎదకు కట్టించిన రోజు నుంచి సుమారు 310 రోజులు. ఈనడానికి పదిహేను రోజుల లోపుంటే ఇంట్లో ఒకరు ఆగిపోవడమే మంచిది. ఎవరు ఆగాలనే పంచాయితీ మా ఇంట్లో ప్రతిసారీ జరుగుతుంది, దానికి నా దగ్గర మందు లేదు. చూడి లేని వట్టి గేదె ఉన్నా నిశ్చింత లేదు. చలికాలంలోనే ఎక్కువగా ఎదకొస్తాయి, గేదె ఎద పైకి పెద్దగా కనిపించదు. తీగలు (జిగురు) వేసినా, మాటిమాటికీ అరిచినా గోపాలమిత్రకు, అంటే ఊళ్లో పశువులకు చూడి సూది వేసే మనిషికి, ఫోన్ చేయమని నంబరు గోడ మీద రాసి పెట్టండి. తప్పిపోతే మళ్లీ మూడు వారాలు ఆగాలి.

ఇక చేను. శుక్రవారం కోసి పనల మీద, అంటే కోసిన వరి చేలోనే పరిచి, వదిలేసి శనివారం బండెక్కే తొందర వద్దు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటికి కార్తీకం ఇంకా అయిపోలేదు. పనల మీదున్న వరి నీళ్లలో ఎలా నానిందో చూసినవాళ్లెవరూ మర్చిపోరు. వాతావరణ శాఖ అల్పపీడనం అంటే కోత ఆపండి. కోసేసి ఉంటే కుప్ప వేసే వెళ్లండి. మిషన్‌తో కోయించి ధాన్యం ఆరబెట్టి ఉంటే రాశి చేసి బరకాలు కప్పి, అంచుల మీద ఇసుక బస్తాలు పెట్టండి. ఇటుకలు గాలికి ఆగవు. మురుగు బోదెకు దారి తీసి ఉంచండి. ఒకవేళ తడిస్తే మొలక రాకుండా లీటరు నీళ్లకు 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లాలి. ఆ ఉప్పు, స్ప్రేయరు ఎక్కడున్నాయో ఒకరికైనా చెప్పి వెళ్లండి. ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదంటారు కాబట్టి, తడిసిందంటే ఇంకో వారం ఆరబెట్టాల్సిందే.

పాల కేంద్రంలో ఒక మాట చెప్పడం, కోళ్లను చీకటి పడకముందే గంప కింద కమ్మడం, తాతయ్య ఇంట్లోనే ఉంటే మాత్రలు పూటలవారీగా కాగితంలో చుట్టి పెట్టడం మీకు తెలిసినవే. వనభోజనాల ఫొటోలు మాత్రం స్టేటస్‌లో ఇంటికొచ్చాకే పెట్టండి.

ఆదివారం సాయంత్రం పాల వేళకు ముందే చేరేలా బయల్దేరండి. కాళ్లు కడుక్కుని మొదట కొట్టంలోకే వెళ్లండి. ఒక్కో చన్ను నుంచి తొలి ధారలు నల్లటి గిన్నెలోకి పిండి చూడండి. పెరుగు తునకల్లాంటివి కనిపిస్తే పొద్దున్నే డాక్టరుకు చెప్పాలి. అత్తయ్య బలవంతంగా కట్టిచ్చిన పులిహోర గిన్నె కుడితి తొట్టి దగ్గరకు తేవద్దు, నేరుగా పక్కింటి పిన్నికి ఇచ్చి రండి.