పెద్ద శంఖాన్ని ఎంచుకుని, ఇంట్లో పాడవకుండా ఉంచుకోవడం ఎలా?

గుంటూరులో మా పూజగదిలో నాయనమ్మ నాటి శంఖం ఒకటి ఉంది. జానెడు పొడవు, రెండు చేతులా ఎత్తాల్సినంత బరువు. ఒక దసరాకి ఇత్తడి సామానుతో పాటు దాన్నీ చింతపండు పెట్టి తోమాను. ఇత్తడి మెరిసింది. శంఖం మీది నునుపు పోయి సుద్దముక్కలా గరుకుగా తేలింది. ఆ నునుపు మళ్లీ రాలేదు.

అందుకే అన్నిటికన్నా ముందు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: శంఖమంటే సున్నం. సముద్రపు నత్త తన ఒంటి చుట్టూ పొర మీద పొరగా కట్టుకున్న కాల్షియం కార్బొనేట్. మన పెద్దలు గుల్లలు కాల్చి సున్నం చేసుకున్నది అందువల్లే. పులుపు తగిలితే అది కరుగుతుంది. చింతపండు, నిమ్మచెక్క, వెనిగర్, బాత్‌రూమ్ యాసిడ్, ఏదీ దాని దరికి రానివ్వకండి.

కొనేటప్పుడు ఏం చూడాలి?

విజయవాడలో ఇంద్రకీలాద్రి కింద, వన్‌టౌన్‌లో పూజాసామగ్రి అమ్మే చోట్ల తెల్ల శంఖాలు దొరుకుతాయి. పూజా శంఖం శాస్త్రీయ నామం టర్బినెల్లా పైరమ్. దీనికి పేరుపడ్డ చోటు మన్నార్ సింధుశాఖ. తూత్తుకుడి, రామేశ్వరం వైపు మనుషులు నీళ్లలో మునిగి తీసుకొస్తారు.

ముందు మొన చూడండి. ఊదడానికైతే మొన కోసి ఉండాలి. అలంకరణకు, సేకరణకు అయితే కొయ్యనిదే అడగండి, చుట్లన్నీ చివరిదాకా కనిపిస్తేనే దాని అందం. తర్వాత ఫోన్ లైటు వేసి ఒళ్లంతా వెతకండి. పురుగు తొలిచిన సన్నటి రంధ్రాలను, విరిగిన అంచులను తెల్ల పుట్టీతో పూడ్చి అమ్మడం ఉంది. పూడ్చిన చోట గోటితో తడితే మోత మందంగా ఉంటుంది. చివరగా నోటి దగ్గర వాసన చూడండి. కుళ్లు వాసన వస్తే లోపల మాంసం మిగిలినట్టే.

దక్షిణావర్తం, అంటే చుట్లు తిరగబడిన శంఖం, దగ్గర ఎక్కువమంది మోసపోతారు. మామూలు శంఖాన్ని మొన పైకి, నోరు మనవైపు ఉండేలా పట్టుకుంటే ఆ నోరు మన కుడిచేతి వైపు ఉంటుంది. దక్షిణావర్తంలో ఎడమవైపు ఉంటుంది. పేరు తిరగబడినట్టు అనిపిస్తుంది కానీ, సంప్రదాయంలో తోకను (మొనకు అవతలి చివరను) పైకి పెట్టి చూస్తారు, అప్పుడు నోరు కుడికి వస్తుంది. ఇలాంటిది చాలా అరుదు, ధరా అందుకు తగ్గట్టే ఉంటుంది. అమెరికా తీరంలో మాత్రం లైట్నింగ్ వెల్క్ అనే నత్త ఉంది, దాని గుల్ల సహజంగానే ఎడమవైపు తెరుచుకుంటుంది. దాన్నే దక్షిణావర్తమని అంటగడుతుంటారు. తేడా పట్టడం కష్టం కాదు. నోట్లోకి చూస్తే మధ్య స్తంభం మీద మన శంఖానికి మూడు నాలుగు మడతలు గట్టుల్లా కనిపిస్తాయి. వెల్క్‌కు అవి ఉండవు. వేలు పెట్టి తడిమాకే డబ్బు తీయండి.

ఇంకొక సంగతి, చట్టం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 జాబితాల్లోకి 2001లో కొన్ని గుల్లలు చేరాయి. హార్న్‌డ్ హెల్మెట్, ట్రైటన్స్ ట్రంపెట్, నాటిలస్ మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. వాటి వ్యాపారానికి 3 నుంచి 7 ఏళ్ల జైలు శిక్ష పడవచ్చు. ఎంత ముచ్చటగా ఉన్నా, ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

సూర్యలంక ఇసుకలో ఏరుకునేవారు ముందు లోపల ఎవరైనా ఉన్నారేమో చూడండి. ఖాళీ గుల్లే సన్యాసి పీతకు ఇల్లు. శంకువు ఆకారపు గుల్లను బతికి ఉండగా ముట్టుకోకండి. కోన్ నత్తల్లో కొన్నిటి విషం మనిషి ప్రాణం తీస్తుంది.

శుభ్రం చేయడం

బకెట్ మంచినీళ్లలో ఒక రోజంతా నానబెట్టి, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చండి. ఉప్పు మిగిలితే వానాకాలంలో చెమ్మ లాగుతూనే ఉంటుంది. ఆ తర్వాత గిన్నెల సబ్బు నాలుగు చుక్కలు, పాత టూత్‌బ్రష్. అతుక్కున్న పెంకులను వెదురుపుల్లతో నెమ్మదిగా లేపండి.

పైన గోధుమరంగు తోలు ఉండి, అది వద్దనుకుంటే బ్లీచ్, నీళ్లు సమానంగా కలిపి కొన్ని గంటలు ఉంచండి. చేతులకు గ్లోవ్స్, కిటికీలు బార్లా. బ్లీచ్‌లో యాసిడ్ మాత్రం చుక్క కూడా కలపకండి, క్లోరిన్ విషవాయువు వస్తుంది. నిజానికి ఆ తోలు ఉంటేనే బాగుంటుందని నా అభిప్రాయం.

పసుపు మరకకు సబ్బు రాస్తే ఎర్రబడుతుంది, కంగారుపడకండి. బాగా కడిగి కాసేపు ఎండ చూపిస్తే పసుపు తనంతట వెలిసిపోతుంది. రంగుల గుల్లలకు ఈ చిట్కా పనికిరాదు, ఎండకు వాటి రంగూ పోతుంది.

నోరు కిందికి వంచి నీడన మూడు నాలుగు రోజులు ఆరనిచ్చి, మెరుపు కావాలంటే మెత్తటి గుడ్డతో బేబీ ఆయిల్ ఒక్క పూత పూయండి. వార్నిష్ వద్దు.

ఎక్కడ పెట్టాలి?

కొత్త ప్లైవుడ్ షోకేసులో పెట్టి తలుపు బిగించకండి. చెక్క నుంచి, అందులోని జిగురు నుంచి వెలువడే ఆమ్లపు ఆవిర్లు సున్నాన్ని తింటాయి. అప్పుడు గుల్ల మీద తెల్లటి పొడి లేస్తుంది. సేకరించేవాళ్లు దీన్ని బైన్ జబ్బు అంటారు. పేరుకే జబ్బు, సూక్ష్మజీవులేమీ ఉండవు. తేమ ఎక్కువైతే ఇది ఉద్ధృతమవుతుంది, కృష్ణ ఒడ్డున తేమకు కొదవేముంది! గాజు అరమీద గాలి ఆడేలా పెట్టడం మంచిది. పడమటి కిటికీ వద్దు.

దొర్లకుండా కింద గుడ్డ చుట్టకుదురు వేయండి, కుండకు వేసినట్టే. బరువైనదైతే పిల్లల తలకన్నా ఎత్తున పెట్టకండి.

వానలు పట్టాక నెలకోసారి తీసి వేలితో తడమండి. తెల్లపొడి అంటితే మంచినీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, ఈసారి వేరే చోట పెట్టండి.