గుహలా చల్లగా ఉండే గది ఎలా కట్టాలి?

మా పాలమూరు వైపు ఫాంహౌస్‌లలో ఈ మధ్య 'గుహ గది' మోజు పెరిగింది. ఇనుప జాలీకి సిమెంటు పూసి, బండల్లా రంగులేసి, లోపల ఏసీ బిగిస్తున్నారు. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఇంకొందరు బేలం గుహలకు పోయొచ్చి, కప్పు నుంచి రాతి ఊడలు వేలాడదీయమంటారు. అది సున్నపురాయిని నీళ్లు కరిగించి చేసిన గుహ. మన గ్రానైటు గుట్టల్లో గుహ అంటే గుండు మీద గుండు ఆనుకుని మిగిలిన చోటు. అక్కడ ఊడలుండవు, నీడ ఉంటుంది. మనం తెచ్చుకోవాల్సింది ఆ నీడనే.

సామాను గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 18 అంగుళాల రాతి గోడ, సున్నం మాలు, పైన ఇటుక డాటు, అంటే కమానులా వంగిన కప్పు. డాటు గోడల్ని బయటికి తోస్తుంది కాబట్టి ఆ లెక్క ఇంజనీరుతోనే వేయించండి. గది వెడల్పు 10 అడుగులు దాటకూడదు. వెనక, పక్కల మొరం నింపి, గోడ అడుగున నీళ్లు పోయే దారి పెట్టాలి. నల్లరేగడి మాత్రం నింపొద్దు. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చి గోడను పగలగొడుతుంది.

ఇక అసలు పని గుహ నోరు. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

నోరు పడమరకు పెట్టనే వద్దు. నల్లగొండ దగ్గర ఒక తోటలో, గుట్ట అందంగా కనిపిస్తుందని యజమాని పట్టుబడితే పడమరకే పెట్టాం. మే నెలలో నాలుగు గంటల ఎండ వెనక గోడ దాకా పోయింది. ఆ గోడ రాత్రి రెండింటికి కూడా పెనంలా ఉంది. లావు గోడ చల్లదనాన్నే కాదు, వేడినీ దాచుకుంటుంది.

నా లెక్కలో దక్షిణమే సరైనది. మన దగ్గర డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన సుమారు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, ఎండ కాస్త లోపలికొస్తుంది. వేసవిలో నడినెత్తిన ఉంటాడు, మూడడుగుల చూరు చాలు. దక్షిణం అనగానే వాస్తు టెన్షన్ పడేవాళ్లు ఉత్తరం పెట్టుకోవచ్చు. కానీ మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా సూర్యుడు నెత్తి దాటి ఉత్తరానికి వాలుతాడు. పొద్దున, సాయంత్రం ఎండ పక్కల నుంచి దూరుతుంది. అందుకే చూరుతో పాటు పక్క గోడలు కూడా రెండడుగులు ముందుకు లాగాలి.

చూరు వేశాక చాలామంది మరిచిపోయేది నీటి గాడి. ఉమామహేశ్వరంలో గుడి మీదికి వంగిన బండను చూడండి. వానాకాలం అలాంటి బండల కింద నిలబడితే, నీళ్లు అంచు దాకా వచ్చి కింద పడకుండా, బండ అడుగును పట్టుకుని లోపలికి పాకడం కనిపిస్తుంది. ఎక్కడో ఒక మిట్ట తగిలితే అక్కడ తెగి చుక్కలవుతాయి. కింద మట్టిలో వరసగా చిన్న గుంటలుంటాయి. పాతకాలంలో కొండ గుహల్లో ఉండే జైన మునుల కోసం గుహ నుదుటి మీద గాడి చెక్కింది కూడా ఇందుకే. మీ చూరు అడుగున, అంచుకు రెండంగుళాలు లోపలగా, అరంగుళం లోతు గాడి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉండాలి. స్లాబు పోసేటప్పుడే చెక్క పట్టీ పెట్టించి, దగ్గర నిలబడి చూసుకోండి. తర్వాత చెక్కుదాంలే అని మేస్త్రి అంటే ఒప్పుకోవద్దు, అంచు పెళ్లలు ఊడుతుంది.

నోటికి ఎదురు చివర, కప్పులో అడుగు చదరం గవాక్షం వదలండి. మూత చెక్కదే, గాజు వద్దు. పగలు మూసి, రాత్రి తలుపుతో పాటు తెరిస్తే వేడి పైనుంచి పోతుంది. పగలు తెరిచి పెట్టి, చల్లగా లేదని నాకు ఫోన్ చేసినవాళ్లున్నారు.

లోపల సున్నం పూత చాలు. మూడు వారాలు రోజూ తడపండి. దాని మీద ప్లాస్టిక్ పెయింటు వేస్తే గోడలో చెమ్మ బయటికి రాలేక పొరలుగా ఊడిపోతుంది.