ఊళ్లో సేవా సంఘం పెట్టాలంటే ఎలా? మొదటి మూడేళ్లకు ఒక దారి

పిల్లలు బడి మానకుండా చూడాలి, ఆడవాళ్లకు అండగా నిలవాలి, తాగుడుతో అప్పులతో కుటుంబాలు చితికిపోకుండా ఆపాలి, చెరువు గట్టున చెట్లు పెంచాలి. పదిమంది కూర్చుని సంఘం పెడదామనుకుంటే మొదటి గంటలోనే ఈ జాబితా తయారవుతుంది. రెండో గంటలో సంఘానికి ఏం పేరు పెట్టాలి, అధ్యక్షుడు ఎవరు అన్న చర్చ మొదలవుతుంది. చాలా సంఘాలు ఆ రెండో గంట దాటవు. దాటిన వాళ్లు ఏ పని ముందు చేయాలో, ఏ కాగితం ఎప్పుడు తీసుకోవాలో చెబుతాను. చట్టం విషయాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వర్తించేవి.

1. ఒక్క పనే పట్టుకోండి

నాలుగూ ముఖ్యమే కదా అంటారు. ముఖ్యమే. కానీ ఊళ్లో ఇవి విడివిడిగా ఉండవు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు చేరింది అక్షరాలు నేర్చుకోవడానికి. రాత్రి బడిలో మొదలైన మాటలు సారా దుకాణం దాకా వెళ్లాయి, ఆ పోరాటంలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ కూడా 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లాలో ఒక్క మాటే పట్టుకుంది: పనికి పోతున్న పిల్లలంతా బడిలో ఉండాలి. ఆ పనికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఒక పని గట్టిగా పట్టుకుంటే మిగతావి వాటంతట అవే మన దగ్గరికి వస్తాయి.

ఏ పని పట్టుకోవాలన్నది మీటింగులో తేలదు. ఒక వాడ ఎంచుకుని ఇంటింటికీ తిరగాలి. ఫారాలు పట్టుకుని వెళ్తే జనం ఏదో పథకం అనుకుంటారు, మాటలు మారిపోతాయి. ఆ వాడ అమ్మాయినే వెంట తీసుకెళ్లండి. సంభాషణ ఇలా ఉంటుంది:

"అక్కా, పాపను బడికి పంపట్లేదేంటి?"

"పంపాలనే ఉందమ్మా. ఏడింటికల్లా నేను కూలికి పోవాలి. చంటోణ్ణి ఎవరు చూస్తారు?"

బడి రిజిస్టరులో ఆ పాప పేరు ఉంటుంది. పాప మాత్రం తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంటి ముందు ఉంటుంది. తమ్ముడికి మూడేళ్లు నిండితే అంగన్‌వాడీ పూర్వ ప్రాథమిక బడిలో చేర్పించండి, సగం సమస్య తీరుతుంది. నిండకపోతే మీ సంఘానికి మొదటి పని దొరికినట్టే: ఆ వాడలో కూలికి వెళ్లే తల్లుల పిల్లల్ని పగలంతా చూసుకునే ఒక గది, ఇద్దరు ఆయాలు. ఇది చదువు పనా, మహిళల పనా, కుటుంబం పనా అని అడిగితే అన్నీ అనే చెప్పాలి.

సాయంత్రం ట్యూషన్ పెట్టాలనుకుంటే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. రెండో తరగతి తెలుగు వాచకంలోంచి నాలుగు వాక్యాలు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయండి. కింద కొన్ని తేలిక మాటలు, ఆ కింద కొన్ని అక్షరాలు. మూడు నుంచి ఐదో తరగతి పిల్లలను ఒక్కొక్కరినీ పిలిచి చదివించండి. ఎక్కడ ఆగితే అక్కడ గుర్తు పెట్టుకోండి. పిల్లలను తరగతిని బట్టి కాకుండా ఈ గుర్తులను బట్టి కూర్చోబెట్టండి. ఐదో తరగతి పిల్లవాడు అక్షరాల గుంపులో కూర్చోవడానికి సిగ్గుపడతాడు కాబట్టి గుంపులకు నంబర్లు వద్దు, పూల పేర్లో పిట్టల పేర్లో పెట్టండి.

2. మనుషులను ఎంచుకోండి

చట్టం ప్రకారం సంఘానికి కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. సంఖ్య కోసమని భార్యాభర్తలు, బావమరుదులతో ఏడుగురిని పూర్తి చేసేవాళ్లున్నారు. అది ఇంటి సంఘం అవుతుందిగానీ ఊరి సంఘం కాదు, రేపు పన్ను శాఖకు కూడా అనుమానం వస్తుంది. మీరు పనిచేసే వాడ నుంచి కనీసం ఇద్దరు ఆడవాళ్లు కార్యవర్గంలో ఉండాలి, అది కూడా ఓటు వేసే సభ్యులుగా.

కోశాధికారి విషయంలో నా సలహా ఒకటే: డ్వాక్రా సంఘంలో లీడరుగా చేసిన అక్కను అడగండి. పొదుపు పుస్తకం, తీర్మానం, బ్యాంకు పని, బాకీ వసూలు అన్నీ ఆమెకు చేతనైన పనులే. కామర్స్ డిగ్రీ ఉన్న కుర్రాడికంటే ఆమె లెక్కే గట్టిగా ఉంటుంది. డిగ్రీ కుర్రాణ్ణి ఆమెకు సాయంగా పెట్టండి, కంప్యూటర్ పని అతను చూసుకుంటాడు.

3. ఆరు నెలలు పనిచేశాక రిజిస్టర్ చేయండి

ఈ మాటకు కొందరు ఒప్పుకోరు. ముందు రిజిస్ట్రేషన్, తర్వాత పని అంటారు. ఆరు నెలలు కలిసి పనిచేస్తే ఎవరు ఉంటారో, ఎవరు ఫొటో దిగి వెళ్లిపోతారో తెలిసిపోతుంది. అప్పుడు ఏడు సంతకాలకు విలువ ఉంటుంది. ఆ ఆరు నెలలు బయటి చందాలు వసూలు చేయొద్దు, సభ్యుల సొంత డబ్బుతోనే నడపండి. సమావేశాల్లో ఏం అనుకున్నారో రాసే మినిట్స్ పుస్తకం మాత్రం మొదటి రోజు నుంచే రాయండి.

మన దగ్గర రిజిస్ట్రేషన్ జరిగేది 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద, తెలంగాణలోనూ అదే కొనసాగుతోంది. జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయం చూస్తుంది. సంఘం పేరు, చిరునామా, ఆశయాలు, కార్యవర్గం వివరాలతో ఒక మెమొరాండం, నియమావళి, సభ్యుల గుర్తింపు కార్డులు, ఆఫీసు పెట్టిన ఇంటి యజమాని ఒప్పుకోలు కావాలి. పేరులో ప్రభుత్వ సంస్థ అనిపించే మాటలు వాడొద్దు, తిప్పి పంపుతారు.

నియమావళిని జిరాక్స్ షాపులో దొరికే నమూనా చూసి దించేస్తారు చాలామంది. మూడు చోట్ల ఆగి సొంతంగా రాసుకోండి. ఒకటి, పదవీకాలం ఎన్నేళ్లు, ఒకే మనిషి వరుసగా ఎన్నిసార్లు ఉండొచ్చు. రెండు, సభ్యత్వం ఇవ్వడానికి, తీసేయడానికి పద్ధతి. మూడు, సంఘం మూతపడితే ఆస్తి సభ్యులు పంచుకోకుండా ఇదే ఆశయాలున్న మరో సంఘానికి వెళ్లాలన్న షరతు. ఆశయాల్లో కూడా విద్య, మహిళల సంక్షేమం, పర్యావరణం మూడూ ఇప్పుడే రాసిపెట్టుకోండి. పని ఒక్కటే చేసినా కాగితం మీద తోవ ఉండాలి, తర్వాత మార్చాలంటే పెద్ద తిరుగుడు.

4. లెక్క

సర్టిఫికెట్ వచ్చాక సంఘం పేరుతో పాన్ కార్డు, బ్యాంకు ఖాతా. ఇద్దరి సంతకాలు ఉంటేనే డబ్బు తీసేలా తీర్మానం చేయండి. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. ఎవరి సొంత ఫోన్‌పే నంబరుకూ చందాలు వేయించొద్దు, క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాదే ఉండాలి.

రసీదు పుస్తకానికి వరుస నంబర్లు వేయించండి. పాడైన రసీదు చించి పారేయొద్దు, అడ్డంగా గీత గీసి పుస్తకంలోనే ఉంచండి. ఖర్చుకు వోచరు: తేదీ, దేనికి, ఎవరికి, ఎంత, ఎవరు ఇచ్చారు. "ట్యాంకరు నీళ్లు, చెరువు గట్టు మొక్కలకు, డ్రైవరు సంతకం" అని ఉంటే అది వోచరు. "ఇతర ఖర్చులు" అని రాస్తే అది గొడవకు విత్తనం. నెలకోసారి ఆ నెల రాబడి, ఖర్చు ఒక తెల్ల కాగితం మీద రాసి ఆఫీసు గోడకు అంటించండి. ఎవరూ చదవరనుకుంటారు గానీ చదువుతారు, ముఖ్యంగా చందా ఇవ్వనివాళ్లు.

ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం పెట్టి, ఆడిటర్ చూసిన లెక్కలు చదివి వినిపించండి. కార్యవర్గ సభ్యుల జాబితాను జిల్లా రిజిస్ట్రార్‌కు ఏటా దాఖలు చేయాలి. ఇది మానేసిన సంఘాలు కాగితం మీద బతికే ఉంటాయి, బ్యాంకులో సంతకాలు మార్చాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది టెన్షన్.

5. ఆడవాళ్ల సమస్య మీ గడప తొక్కినప్పుడు

ఇది ముందే మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఇది తప్పకుండా వస్తుంది. పిల్లల గదికి వచ్చే తల్లి చేతి మీద దెబ్బలు కనిపిస్తాయి. అప్పుడు సంఘం పెద్దలు భర్తను పిలిచి రాజీ చేయబోతారు. వద్దు. రాజీ పేరుతో ఆమెను తిరిగి అదే ఇంటికి పంపి, తర్వాత ఏదైనా జరిగితే ఎవరు సమాధానం చెబుతారు? ముందు ఆమెకు ఏం కావాలో విడిగా, మగవాళ్లు లేనప్పుడు అడగండి. మహిళల హెల్ప్‌లైన్ 181, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేయడానికి జిల్లాలో ఉండే సఖి కేంద్రం, 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణాధికారి, ఇవి ఆమెకు చెప్పాల్సినవి. ఆదాయంతో పని లేకుండా ఏ మహిళకైనా ఉచిత న్యాయసాయం ఇవ్వాలని చట్టం చెబుతోంది, ఆ నంబరు 15100. వెంట వెళ్లడం మీ పని. తీర్పు చెప్పడం కాదు.

పిల్లల విషయంలో ఇంకా కచ్చితంగా ఉండాలి. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. పరువు పోతుందని దాచడం నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098. ట్యూషన్ గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండేలా చూడండి. తల్లిదండ్రులను అడగకుండా పిల్లల ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు.

6. మొక్కలు

అందరికీ ఇష్టమైన కార్యక్రమం, ఎక్కువగా చచ్చిపోయేదీ ఇదే. వెయ్యి నాటి మరిచిపోయే బదులు యాభై నాటి బతికించండి. గుంతలు వానలకు ముందే తవ్వి ఎండకు వదలండి, రెండు మంచి వానలు పడ్డాక నాటండి. వేప, కానుగ, నేరేడు, రావి మన నేలకు తగినవి. త్వరగా పచ్చగా కనిపిస్తుందని కోనోకార్పస్ జోలికి పోవద్దు. కరెంటు తీగల కింద ఎత్తు పెరిగేవి వద్దు. పంచాయతీ స్థలమైతే పంచాయతీ తీర్మానం తీసుకోండి. ట్రీ గార్డులకు డబ్బు లేకపోతే ముళ్లకంప చాలు. ప్రతి మొక్కకూ ఎదురుగా ఉన్న ఇంటివాళ్ల పేరు రాసుకోండి, ఏప్రిల్‌లో నీళ్లు పోసేది వాళ్లే. దాతలకు పంపాల్సింది నాటిన రోజు ఫొటో కాదు, వచ్చే ఉగాది నాటిది.

7. చందాలు, పన్ను కాగితాలు

సంఘం రాబడికి పన్ను మినహాయింపు కావాలంటే ఆదాయపు పన్ను శాఖ దగ్గర వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి. జనం వాడుకలో 12ఏ. దాతకు రాయితీ ఇచ్చేది 80జీ. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి రావడంతో సెక్షన్లకు, ఫారాలకు నంబర్లు మారాయి, దరఖాస్తు మాత్రం ఆడిటర్ చేత్తోనే చేయించండి. దాతలకు ముందే చెప్పాల్సినవి రెండున్నాయి: 2,000 రూపాయలు దాటిన నగదుకు 80జీ రాయితీ రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు ఈ రాయితీ ఉండదు. పేరూ ఊరూ లేని విరాళాలు పరిమితి దాటితే వాటి మీద 30 శాతం పన్ను పడుతుంది, కాబట్టి హుండీ కన్నా రసీదు మేలు.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు మీద ఆశతో మొదలుపెట్టొద్దు. 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకు పెట్టాలి, నిజమే. కానీ బయటి సంఘానికి ఇవ్వాలంటే ఆ సంఘానికి కనీసం మూడేళ్ల పని అనుభవం ఉండాలి. అందుకే మొదటి మూడేళ్లూ ఊరి చందాతోనే సరిపోయేంత పని పెట్టుకోమంటున్నాను.

8. అమెరికా బాబాయి డబ్బు

మన ఊళ్లలో సంఘాలు ఎక్కువగా తెలియక ఇరుక్కునేది ఇక్కడే. విదేశాల్లో ఉన్నా భారతీయ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు నకలు తీసి ఫైల్లో పెట్టుకుంటే చాలు. ఆ బాబాయి అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఆయన విదేశీ దాతే. సంక్రాంతికి ఊరొచ్చి రూపాయల్లో చేతికిచ్చినా విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి లేకుండా అది తీసుకోకూడదు. ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్‌కు సంఘం పుట్టి మూడేళ్లు కావాలి, ఆ మూడేళ్లలో ఆశయాల మీద కనీసం 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. వచ్చాక కూడా ఆ డబ్బు ముందు ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి, ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు, ఇంకో సంఘానికి పంచకూడదు.

"బాబాయ్, మీకు పాస్‌పోర్టు ఏ దేశానిది?" అని అడగడానికి మొహమాటపడొద్దు. చిన్న సంఘమైతే ఆయన్ను డబ్బు బదులు పిల్లలకు ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు చెప్పమనండి. దానికి ఏ అనుమతీ అక్కర్లేదు.

9. కార్యదర్శి మారేటప్పుడు

పదవీకాలం అయిపోయాక కొత్తవాళ్లకు తాళంచెవి ఒక్కటే ఇస్తే సరిపోదు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అసలు, నియమావళి, మినిట్స్ పుస్తకాలు, రసీదు పుస్తకాలు (వాడనివి కూడా), వోచర్ల ఫైళ్లు, చెక్కు పుస్తకం, పాన్ కార్డు, ఆదాయపు పన్ను పోర్టల్, స్వచ్ఛంద సంస్థలు పేరు నమోదు చేసుకునే నీతి ఆయోగ్ ఎన్జీఓ దర్పణ్ పోర్టల్ లాగిన్లు, వాటికి ముడిపెట్టిన ఫోన్ నంబరు, ఈమెయిల్. ఇవన్నీ జాబితాగా రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. ఫోన్ నంబరు సంఘం డబ్బుతో కొన్న సిమ్‌దే అయ్యుండాలి. ఓటీపీ పాత కార్యదర్శి ఫోనుకు పోతే, ఆయనతో మాటలు లేని రోజున పోర్టల్ తెరుచుకోదు. కొత్త సంతకాలకు బ్యాంకులో తీర్మానం నకలు ఆ వారంలోనే ఇచ్చేయండి.